కన్నంలోంచి చూసిన విద్య

ముసలాయన లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. గడియ పడిన చప్పుడు వాకిట్లోకి వినిపించింది. శిష్యులకి అది అలవాటే. అడుగు ఎక్కడ పడాలో, భుజం ఎంత దించాలో, మీదికొచ్చిన చేతిని ఎలా జారవిడవాలో అన్నీ చెమటలు కారేదాకా చేయిస్తాడు. చివరికి మాత్రం ఇలా గదిలోకి పోయి తలుపేసుకుంటాడు. అసలు సంగతి ఆ తలుపు వెనకే ఉందని అందరికీ తెలుసు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

ఒకడు మాత్రం మేడ ఎక్కాడు.

మేడమీద చెక్క నేల. కిర్రుమందంటే కొంప మునుగుతుంది. కుర్రవాడు బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి, పలకల్లో తను తొలుచుకున్న కన్నానికి కన్ను ఆనించాడు. కింద సగం చీకటి. ఆ చీకట్లో ముసలాయన కదులుతున్నాడు. పైనుంచి కనపడేది నడినెత్తి, రెండు భుజాలు, గాల్లో తిరిగి మళ్ళీ ఒంటికే చేరే చేతులు. పాదాలు అంగీ అంచు కింద ఒకసారి తేలుతున్నాయి, మరోసారి మాయమవుతున్నాయి. వాకిట్లో చూపించిన కదలికలే అవి. కానీ వాకిట్లో ఇలా లేవు.

కుర్రవాడి పేరు వాంగ్ జెంగ్‌నాన్. ముసలాయన షాన్ సీనాన్. చైనా తూర్పు తీరంలో నింగ్‌బో ప్రాంతం, మింగ్ వంశపు రాజ్యం చివరి దశ. ఆ కన్నంలోంచి జెంగ్‌నాన్‌కి చిక్కింది విద్య రూపురేఖలు మాత్రమే. కిటుకు గదిలోనే ఉండిపోయింది. దొంగతనం సగమే పారింది, మిగతా సగం కన్నాలకి లొంగే రకం కాదు.

షాన్ సీనాన్ యుద్ధం చూసిన మనిషి. 1592 నుంచి 1598 దాకా జపాన్ పాలకుడు హిదెయోషి సేనలతో కొరియాలో జరిగిన పోరులో మింగ్ సైన్యం తరఫున దిగాడు. ప్రాణాలతో తిరిగొచ్చి, ముసలితనంలో ఇంటిపట్టున ఉండి, తనకి తెలిసిన సాము నేర్పుతూ బతికాడు. దాన్ని అంతరంగ సంప్రదాయం అనేవాళ్ళు. షావోలిన్ మఠం విద్య పైన పడి కొట్టేది. ఇది అలా కాదు. ఎదుటివాడి ఊపుని నిశ్చలంగా నిలబడి పట్టుకునేది. వూదాంగ్ కొండమీది తావో యోగి జాంగ్ సాన్‌ఫెంగ్ దీనికి మూలపురుషుడని వాళ్ళ నమ్మకం. చక్రవర్తి పిలిస్తే బయల్దేరాడట. దారి మూసుకుపోయిందట. ఆ రాత్రి కలలో ఉత్తర దిక్కు దేవుడు వచ్చి ముష్టివిద్య నేర్పితే, తెల్లారాక ఒక్కడే వంద మందికి పైగా దొంగల్ని కూల్చాడట. 1930ల నాటి చైనా చరిత్రకారుడు టాంగ్ హావ్ ఈ మూలకథని కొట్టిపారేశాడు. షాన్ సీనాన్ ఇంటి వాకిట్లో నిలబడ్డ కుర్రాళ్ళకి మాత్రం అది కథ కాదు. తలుపు వెనక ఉన్నది ఆ కల తాలూకు ముక్కే.

పులికి అన్నీ నేర్పిన పిల్లి, చెట్టెక్కడం మాత్రం తన దగ్గరే ఉంచుకుందని మన ఊళ్ళలోనూ చెబుతారు. తాలింఖానా వస్తాదులూ ఒక పట్టు దాచుకునేవాళ్ళని పేరు. షాన్ సీనాన్ దాచుకున్నది ఒక పట్టు కాదు, మొత్తం గుట్టు. ఎవరి కోసం దాస్తున్నాడో ఆయనకే తెలీదు. కడుపున పుట్టినవాళ్ళు ఎందుకూ కొరగాకుండా పోయారు. రేపు కన్ను మూస్తే తన ఏర్పాట్లు చూసేదెవరన్న దిగులు ఆయన్ని తినేస్తోంది.

ఆ దిగులు జెంగ్‌నాన్ చెవిన పడింది.

ఆనాటి చైనాలో పెద్దవాళ్ళకి బతికుండగానే శవపేటిక సిద్ధం చేసి పెట్టుకోవడం మర్యాద. చేవ ఉన్న కర్ర దొరకాలి, దానికి డబ్బు కావాలి. జెంగ్‌నాన్ కొన్ని వెండి పాత్రలు పట్టుకుని గురువు ముందు నిలబడ్డాడు. విద్య కోసం అనలేదు. మంచి కర్ర కొనుక్కోమన్నాడు. మేడమీద పడుకుని తన నడినెత్తిని దొంగచూపులు చూసినవాడు, కొడుకులు తలపెట్టని పనికి వెండి తెచ్చి పెట్టాడు. ముసలాయన మనసు కరిగింది. తలుపు తెరిచాడు. అప్పటిదాకా ఎవరికీ చెప్పనిదంతా ఆ ఒక్కడికి చెప్పాడు.

ఆ తలుపు వెనకకి వెళ్ళినవాడు, ఆ తర్వాత తనే ఒక మూసిన తలుపయ్యాడు.

ఈ కథ జరిగిన నేల మనకి తెలియనంత దూరంలో ఏమీ లేదు. దుబాయ్‌లో జెబెల్ అలీ రేవు 1979లో తెరిచారు, దాని పక్కన ఫ్రీ జోన్ 1985లో వచ్చింది. అక్కడి గోదాముల్లో జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ కుర్రాళ్ళు రాత్రి డ్యూటీల్లో కంటైనర్లు విప్పుతుంటారు. తలుపు తెరవగానే మొహానికి కొట్టే వేడి గాలి, అట్టపెట్టెల వాసన, కాగితాల మీద బయల్దేరిన రేవు పేరు: నింగ్‌బో. సరుకు టన్నుల లెక్కన ప్రపంచంలోకెల్లా పెద్ద రేవు ఇవాళ అదే, నింగ్‌బో-జౌషాన్. ఆ పెట్టెలు దించి బంకు మీద ఒరిగిన కుర్రాడు ఫోను తీస్తే ఈ అంతరంగ కోవలోకే వచ్చే తైచీ పాఠాలు కోకొల్లలు, ఏ గురువూ తలుపేసుకోడు, ఏ పట్టూ దాచడు, వెనక్కి జరిపి మళ్ళీ మళ్ళీ చూసుకోవచ్చు. జెంగ్‌నాన్ ఒక్క కన్నం కోసం పలక తొలిచాడు. మరి అంత కష్టపడి సంపాదించిన విద్యని అతను ఏం చేశాడు?

పేడ మోశాడు.

అది తర్వాతి మాట. ముందు సైన్యంలో చేరాడు. సైనికుల నేర్పు పరీక్షించి తిండిబత్తెం ఇచ్చే పద్ధతి ఉండేది. జెంగ్‌నాన్ ఒక్కడే నలుగురైదుగురి బత్తెం గెలుచుకుపోయేవాడు. తనిఖీకి వచ్చిన పై అధికారి ముందు ఏడు బాణాలు వేశాడు. ఏడూ గురిలో దిగాయి. చిన్న దళానికి నాయకుణ్ణి చేశారు. 1644లో బీజింగ్ పడిపోయింది, ఉత్తరం నుంచి మాంచూలు దిగారు. మరుసటి ఏడు నింగ్‌బోలో చియెన్ సూలె అనే పెద్దమనిషి తిరుగుబాటు జెండా ఎత్తితే, జెంగ్‌నాన్ ఆయన సేనలోకి దూకాడు. ఉపసేనాని హోదా దాకా ఎదిగాడు.

రోజులు ఎలాంటివంటే, ఒక రాత్రి శత్రువుల కదలికలు కనిపెట్టడానికి వెళ్ళి దొరికిపోయాడు.

చేతులు వెనక్కి విరిచి వరండా స్తంభానికి కట్టేశారు. కాపలాకి కొన్ని పదుల మంది. దొరికినవాడు ఎటూ పోలేడన్న ధీమా. మద్యం తెరిచారు. నవ్వులు, కేకలు, గిన్నెల చప్పుడు. ఏదో పింగాణీ పగిలింది. ఆ పెంకు ముక్క జెంగ్‌నాన్ వేళ్ళకి అందింది. కళ్ళు తాగేవాళ్ళ మీద, వేళ్ళు తాడు మీద. పోగు తర్వాత పోగు. తాడు తెగింది. ఇప్పుడు పరిగెత్తితే పది అడుగుల్లో పడతాడు. పరిగెత్తలేదు. రొమ్ములో దాచుకున్న వెండి తీసి గాల్లోకి విసిరాడు.

వెండి నేలమీద పడకముందే కాపలావాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. తేరుకుని వెంటపడేసరికి అతను చీకట్లో ఉన్నాడు, వెంటపడి అందుకున్నవాడల్లా నేలకరిచి, లేవలేక పాకాడు. కొంత దూరం నడిచాక పొలాల్లో దారి తప్పాడు. ఊరి కాపలాదారులు దొంగనుకుని చుట్టుముట్టారు. వాళ్ళకీ దెబ్బలు తగిలాయి. అతను బయటపడ్డాడు, కానీ బయటపడనివి వేరే ఉన్నాయి.

తిరుగుబాటు కూలిపోయింది. అయినా దీవుల్లో తలదాచుకున్న వాళ్ళతో హువా అనే అధికారి ద్వారా రహస్య లేఖలు నడిపాడు జెంగ్‌నాన్. హువాని పట్టుకుని చంపారు. చంపించినవాడి తల తెగలేదు, హాయిగా తిరుగుతున్నాడు. అది చూసి జెంగ్‌నాన్ మాంసం మానేశాడు. బతికినన్నాళ్ళూ ముట్టలేదు. ఎందుకని ఎవరికీ విడమరిచి చెప్పలేదు. తెలిసినవాళ్ళకి తెలుసు.

ఆ తర్వాతే టోంగావ్ అనే పల్లెలో గుడిసె, చేతిలో పార, భుజాన పేడ కావిడి. మాంచూ దండుల దళపతులు కబుర్లు పంపారు. పేదవాడు కదా, పిలిస్తే పరిగెత్తుకొస్తాడనుకున్నారు. కన్నెత్తి చూడలేదు. తన దగ్గరున్న విద్యకి కూడు పెట్టే శక్తి ఉందన్న సంగతే ఎరగనట్టు పొలం గట్టున తవ్వుకుంటూ ఉండిపోయాడు. అలాంటి మనిషి ఒకనాడు పాత స్నేహితుణ్ణి చూడ్డానికి వెళ్ళాడు.

స్నేహితుడు ఉంటున్నది ఒక దళపతి ఇంట్లో. అక్కడ సోంగ్‌జియాంగ్ నుంచి పిలిపించిన వస్తాదు కొలువు తీరి ఉన్నాడు. కాలు మీద కాలేసుకుని మూడు తీగల వాయిద్యం మీటుతున్నాడు. జనపనార పాగా, దూది కుక్కిన పాత అంగీతో లోపలికొచ్చిన రైతు అతని కంటికి ఆనలేదు. ఈయనకీ సాము వచ్చునని స్నేహితుడు నోరు జారాడు. వస్తాదు ఓరచూపు చూశాడు. నీకూ వచ్చా అన్నాడు. నాకేం రాదండీ అన్నాడు జెంగ్‌నాన్. ఒక్కసారి చూద్దామా అన్నాడు వస్తాదు, అంగీ ఎగదోసి, కనుబొమ్మలు ఎగరేసి. రాదండీ అని మళ్ళీ అదే మాట. భయపడుతున్నాడనుకున్నాడు. బలవంతం పెంచాడు. ఇక తప్పలేదు.

ఎవరూ ఏమీ చూడలేదు. చూసేసరికి వస్తాదు నేలమీద ఉన్నాడు.

లేచి మళ్ళీ అన్నాడు. ఈసారి మొహమంతా నెత్తురు. మూడోసారి అడగలేదు. సాష్టాంగపడి, రెండు పట్టు తానులు గురుదక్షిణగా ముందు పెట్టాడు.

ఇంకోసారి, ఏడాది చివర చలిలో ఒంటరిగా నడుస్తుంటే ఏడెనిమిది మంది దండు సైనికులు ఆపి మూటలు మోయమన్నారు. వదిలెయ్యమని బతిమాలాడు. వినలేదు. మోశాడు, వంతెన నడిమికి వచ్చేదాకా. అక్కడ మూట దింపి పారేశాడు. కత్తులు దూశారు. అతను ఉత్త చేతులతో నిలబడ్డాడు. మీదికొచ్చిన ప్రతివాడూ తన ఊపుకి తనే బోర్లాపడ్డాడు, కత్తులు ఖణేల్‌మని రాళ్ళమీద రాలాయి. జెంగ్‌నాన్ ఆ కత్తులు ఏరి పక్కనున్న బావిలో వేశాడు. వాళ్ళు చేంతాడు వెతికి కత్తులు పైకి తోడుకునేసరికి మనిషి కనుచూపు మేరలో లేడు. ఎవర్నీ చంపలేదు. అది గమనించాల్సిన సంగతి, ఎందుకంటే అతని దెబ్బ ఎక్కడ పడితే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు.

ఒంట్లో ఆయువుపట్లున్నాయి. వైద్యులు సూదులు గుచ్చడం నేర్చుకునే కంచు బొమ్మ మీద గుర్తులు పెట్టినట్టే అవన్నీ అతనికి కంఠతా. ప్రాణం తీసేవి, మాట పడగొట్టేవి, స్పృహ తప్పించేవి. అవమానించిన ఒక పోకిరీకి ఎక్కడో తగిలించాడు. వాడికి రోజుల తరబడి మూత్రం బిగిసిపోయింది. గుమ్మం ముందుకొచ్చి క్షమాపణ అడిగాక గానీ సర్దుకోలేదు. ఒక పాత పరిచయస్తుడు బంగారం పట్టుకొచ్చాడు, తన తమ్ముడి మీద పగ తీర్చమని. నన్ను పశువనుకున్నావా అని ఛీ కొట్టి పంపేశాడు జెంగ్‌నాన్. విద్య మీద అతని కాపలా అంత గట్టిది.

కాపలా ఉన్నచోటే కన్నం పడుతుంది. పశువులు కాసే పిల్లవాడొకడు ఎక్కణ్ణుంచో చూశాడు. ఎన్నాళ్ళు చూశాడో, ఒక దెబ్బ మాత్రం పట్టేశాడు. తోటి పిల్లవాడి మీద వేసి చూశాడు.

పిల్లవాడు కూలిపోయాడు. కదలిక లేదు. మిగతా పిల్లల ఏడుపులు, ఎవరో పరిగెత్తి పిలుచుకొచ్చారు. జెంగ్‌నాన్ వంగి చూశాడు. ఒకప్పుడు మేడమీద బోర్లా పడుకున్నవాడు ఇవాళ నేలమీద పడున్న పిల్లవాడి పక్కన కూర్చున్నాడు. దెబ్బ ఎక్కడ తగిలిందో వేళ్ళతో తడిమాడు. స్పృహ తప్పించే చోటు, కాసేపట్లో లేస్తాడు అన్నాడు. లేచాడు. రెండు వేళ్ళు పక్కకి పడి ఉంటే ఆ కథ ఎలా ముగిసేదో అక్కడున్న పెద్దవాళ్ళెవరూ పైకి అనలేదు.

ఇక గురువుగా జెంగ్‌నాన్ వంతు. తను మోస్తున్నది ఎవరికివ్వాలి?

ఆ రోజుల్లో ఆయనకి ఒక పండితుడి స్నేహం కుదిరింది. హ్వాంగ్ జోంగ్‌షీ. తనూ మాంచూల మీద కత్తి పట్టి ఓడినవాడు. ఓడి ఇంటికొచ్చి, 1663కల్లా రాచరికాన్నే నిలదీసే పుస్తకం రాసినవాడు. జెంగ్‌నాన్‌కి చదువు రాదు. అయినా ఆ పండితుడి పక్కన కూర్చుంటే మాట పొందిగ్గా, మృదువుగా ఉండేది, మొరటు మనిషి అనిపించేది కాదు. ఇద్దరూ కలిసి ఒకసారి టియాన్‌టోంగ్ మఠానికి వెళ్ళారు. అక్కడ ఒక సన్యాసి, నలుగురైదుగురు కలిసి లాగినా చెయ్యి వంచలేని బలశాలి. జెంగ్‌నాన్‌కి కాస్త దగ్గరగా వచ్చాడు. అంతే, బాధతో ముడుచుకుపోయాడు. అది చూసి అక్కడివాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు, జెంగ్‌నాన్ మాత్రం మరో సంగతి ఎత్తాడు. అంతరంగ విద్యలో చూపించుకోవడానికి ఏమీ ఉండదు, అందుకని జనం అందులో బయటి విద్య కలిపేస్తున్నారు, ఇక ఇది క్షీణించి తీరుతుందన్నాడు. దీని పుట్టుపూర్వోత్తరాలు నేను రాసిపెడతానని జోంగ్‌షీ మాటిచ్చాడు.

మాట ఇచ్చినవాడు తొమ్మిదేళ్ళు ఊరుకున్నాడు. ఈలోపు ఆ ఇంట్లోంచే ఒకడు బియ్యం మూట కట్టుకుని బయల్దేరాడు.

జోంగ్‌షీ కొడుకు, హ్వాంగ్ బైజియా. 1643లో పుట్టాడు. పరీక్షల చదువంటే పడదు. గుర్రమెక్కి శత్రువుని నరకనివాడికి మగపుటక ఎందుకనుకునే వయసు. జెంగ్‌నాన్ ఇల్లు ఒరిగిపోయిన ఇరుకు కొంప, చెయ్యి చాస్తే గోడ తగులుతుంది. పక్కనే ఇనుప బుద్ధుడి గుడి ఉంది. అక్కడ మొదలైంది పాఠం.

పాఠానికి ముందు వడపోత. ఐదు రకాలవాళ్ళకి ఈ విద్య చెప్పకూడదని గురువు నియమం. మనసులో కుట్ర ఉన్నవాడు. కయ్యానికి కాలు దువ్వేవాడు. తాగి ఒళ్ళు మరిచేవాడు. ఎముక పుష్టి లేని మందమతి. వీళ్ళ మధ్యలో నాలుగోవాడు ఒకడున్నాడు: తెలిసింది నోట్లో దాచుకోలేక బయటపెట్టేవాడు. బైజియా ఐదింటినీ దాటాడు. కనీసం ఆ రోజుకి దాటాడు.

గుడిలో గురువుకి మాటలు పెల్లుబికాయి. ముష్టివిద్య వస్తే మిగతావి వాటంతటవే వస్తాయన్నాడు. ఇదిగో ఈ మలుపులోనే ఈటె ఉంది, ఈ మలుపులోనే కత్తి ఉంది, ఇక్కడే గొడ్డలి ఉంది అని ఒక్కొక్కటీ విప్పి చూపించాడు. దళాలు అడుగు ఎలా కలపాలో, వ్యూహం ఎలా పన్నాలో కూడా చెప్పాడు. ఉపసేనాని అన్నాళ్ళు కడుపులో పెట్టుకున్నదంతా కుర్రవాడి ముందు గుమ్మరించాడు. నా విద్యకి వారసుడు లేడు, ఉన్నదంతా నీకే ఇచ్చేస్తానన్నాడు. ఎవరినీ చేరనివ్వని మనిషి నోట ఆ మాట! కుర్రవాడి రక్తం ఉరకలేసింది.

కానీ లోకం మారిపోతోంది. నైరుతి సద్దుమణిగింది, ఆగ్నేయం చల్లబడింది. యుద్ధాలు లేవు. వింటిని వంచగలిగినవాడి కంటే నాలుగు అక్షరాలు తెలిసినవాడే ఎక్కువైన కాలం. కొడుకు గాలికి తిరిగి చెడిపోతాడేమోనని జోంగ్‌షీకి గుబులు పట్టుకుంది. పరీక్షల వ్యాసాలు నేర్చుకోమన్నాడు. బైజియాకి ఇంటి పరిస్థితి కనపడుతూనే ఉంది, ఆస్తి కరిగిపోతోంది. విద్య పూర్తయినా ఏం చేసుకోను అనుకున్నాడు. తప్పుచేశాననిపించింది. పుస్తకాల మూట భుజాన వేసుకుని పండితుల వెంట తిరగడం మొదలెట్టాడు. గుడి ఖాళీ అయింది.

గురువే వెతుక్కుంటూ వచ్చాడు.

పల్లె నుంచి పట్నానికి. అప్పటికే పేదరికం, జబ్బు రెండూ కలిసి మనిషిని పీల్చేశాయి. మొహం వాడిపోయింది. శిష్యుడి ముందు కూర్చుని, ఎక్కువ నేర్చుకోవడం కాదు నాయనా, పండించుకోవడం ముఖ్యం అన్నట్టుగా మొదలెట్టి, డెబ్భై రెండు పడగొట్టే తీరులు, ముప్పై అయిదు పట్లు అన్నీ కలిసి పద్దెనిమిదిలోకి ఎలా ఒదుగుతాయో, ఆ పద్దెనిమిది పన్నెండులోకి ఎలా కుదించుకుంటాయో, ఆ పన్నెండూ చివరికి మనసులో నిలుపుకోవాల్సిన ఐదే ఐదు అక్షరాల్లోకి ఎలా దిగుతాయో, విద్య ముదిరినవాడు గుర్తుపెట్టుకునేది ఎందుకు అంత కొంచెమో, ఊపిరి అందకపోయినా వదలకుండా చెప్పుకుంటూ పోయాడు. శ్రద్ధ. బిగువు. సూటిదనం. బలం. గురి. షాన్ సీనాన్ తలుపేసుకుని దాచింది ఇదే. మేడమీది కన్నంలోంచి కనపడనిది ఇదే. ఇప్పుడు తలుపూ లేదు, గడియా లేదు. అడగకుండానే చేతిలో పెడుతున్నాడు.

బైజియా వింటున్నాడు. మర్యాద కోసం వింటున్నాడు. ధ్యాసంతా రాయాల్సిన పరీక్ష మీద ఉంది.

గురువు ఆ సంగతి పసిగట్టాడో లేదో గానీ, ఆయన కాలం దగ్గర పడింది. పెద్ద కొడుకు మెంగ్‌ద చచ్చిపోయాడు. తండ్రి ఏడుపు ఆపలేదు. నెల తిరిగేసరికి, 1669 సంవత్సరం, చైనా పంచాంగం ప్రకారం రెండో నెల తొమ్మిదో రోజున, ఆ ఏడుపుతోనే జెంగ్‌నాన్ పోయాడు. వాళ్ళ లెక్కలో యాభై మూడేళ్ళు. కత్తులకి, తాళ్ళకి, దండులకి లొంగనివాణ్ణి కొడుకు చావు పడగొట్టింది. టోంగావ్‌లోనే పూడ్చారు.

అప్పుడు జోంగ్‌షీ కలం అందుకున్నాడు. తొమ్మిదేళ్ళ కిందటి మాట ఇప్పుడు సమాధి శాసనంగా తేలింది. మేడమీది కన్నం, వెండి పాత్రలు, మూడు తీగల వాయిద్యం, బావిలో కత్తులు, పశువుల కాపరి పిల్లవాడు, అన్నీ అందులోవే. అంతరంగ సంప్రదాయం అన్న పేరు రాతలోకి బలంగా ఎక్కిందీ అక్కడే. లోపలిది మనది, బయటిది పరాయిది అన్న ఆ విభజనలో మాంచూల మీద ఓడినవాడి గూఢార్థం ఉందని చదివే పరిశోధకులూ ఉన్నారు. బతికినన్నాళ్ళూ మాంసం ముట్టని మనిషి శాసనంలో ఆ అర్థం వెతకడం మరీ అతిగా అనిపించదు. కానీ శాసనంలో విద్య లేదు, మనిషి మాత్రమే ఉన్నాడు. విద్య ఉన్నవాడు పరీక్షలకి చదువుకుంటున్నాడు.

ఏడేళ్ళు గడిచాయి.

1676. చక్రవర్తి మీద మూడు సామంత రాజ్యాల తిరుగుబాటు మొదలై మూడేళ్ళయింది. ఫూజియాన్ నుంచి గెంగ్ జింగ్‌జోంగ్ సేనలు జెజియాంగ్ మీదికి వచ్చాయి. దోపిడీ ముఠాలు ఊళ్ళు పంచుకున్నాయి. దారి పొడుగునా గూడు చెదిరిన జనం, పొలాల్లో తెల్లటి ఎముకలు. పట్టపగలే కోట తలుపులు మూసేశారు. మూసిన తలుపుల వెనక విద్యార్థులు గొణుక్కుంటూ పాఠాలు వల్లెవేస్తున్నారు. దొంగల్ని అణచడానికి అధికారులు కనిపెట్టిన ఉపాయం ఏమిటయ్యా అంటే, ఇరుగుపొరుగు ఒకరికొకరు కాపలా ఉండటం మీద వ్యాసం రాయమనడం. కుర్రాళ్ళు పాత గ్రంథాల్లోంచి నాలుగు ముక్కలు ఏరి అతికిస్తున్నారు. ముప్పై మూడేళ్ళ బైజియా ఇదంతా చూస్తున్నాడు. కడుపు రగిలిపోతోంది. ఇలాంటి రోజు వస్తుందనే కదా గుడిలో వ్యూహాలు కూడా నేర్పింది.

ఆయన నేర్పింది తనొక్కడికే. తను వదిలేశాడు. తనతో ఇది ఆగిపోతుంది.

కుంచె సిరాలో ముంచాడు. గుర్తున్నదంతా దింపాడు. ముప్పై అయిదు చేతి సాధనలు, పద్దెనిమిది అడుగుల సాధనలు, ఆరు బాటల పాఠం, పది పట్టు తెరల పాఠం, పాట రూపంలో ఉన్న గూఢార్థాలకి తాత్పర్యం, ఆయువుపట్ల పేర్లు, చివరి ఐదు అక్షరాలు. తర్వాతెవడైనా ఆసక్తి ఉన్నవాడు పుడితే పట్టుకుని వెతుక్కుంటాడని. రాస్తూనే అనుమానపడ్డాడు. పూర్వకాలపు వ్యూహకర్త జూగె లియాంగ్ చేసిన కొయ్య ఎద్దు బండికి కొలతలన్నీ గ్రంథంలో ఉన్నాయి, మళ్ళీ దాన్ని నడిపినవాడు ఎవడున్నాడని తనే అడిగాడు. అయినా ఆపలేదు. గురువు పెట్టిన ఐదు నిషేధాలు కూడా అదే పుస్తకంలో, మొదట్లోనే, వరసగా రాశాడు. నాలుగోదాన్ని కూడా వదల్లేదు.